తాడుకు రెండు కొసలు: అబ్సర్డ్ నాటకాల్లో మనిషికీ మనిషికీ మధ్య

నల్లగొండలోనో పాలమూరులోనో ఏ సాహిత్య సభలోనైనా "అస్తిత్వవాదం" అన్న మాట పడితే వినేవాళ్ళు రెండు జట్లుగా చీలిపోతారు. సగం మందికి అది తెలంగాణ అస్తిత్వం, దళిత అస్తిత్వం, బహుజన అస్తిత్వం. మిగతా సగానికి ఫ్రెంచి రచయితలు సార్త్ర్, కామూ, పారిస్ కాఫీ హోటళ్ళు. వక్త ఒకటి చెప్తుంటే శ్రోత ఇంకొకటి రాసుకుంటాడు. ఈ చిక్కు ముందు విప్పుకోకపోతే అబ్సర్డ్ నాటకాలు రాసిన బెకెట్ దాకా పోయినా లాభం లేదు.

రెండూ "అస్తి" అన్న మాటలోంచే వచ్చాయి, పోయే దారులు మాత్రం వేరు. ఉద్యమాల భాషలో అస్తిత్వం అంటే "మేమెవరం" అన్న ప్రశ్నకు జవాబు. పుట్టిన ఊరు, కులం, యాస, పడ్డ అవమానం, గెలుచుకున్న గౌరవం అన్నీ అందులో ఉంటాయి. సార్త్ర్ చెప్పే అస్తిత్వవాదంలో ఆ ప్రశ్నకు ముందే తయారైన జవాబు ఉండదు. కత్తి చేసేవాడికి కత్తి ఎందుకో ముందే తెలుసు. మనిషికి అలాంటి ముందస్తు నమూనా లేదు. ముందు ఉంటాడు, ఆ తర్వాత చేసే పనులతో తానేమిటో తయారు చేసుకుంటాడు. "నేనింతే, నా రాత ఇంతే" అని తప్పించుకుంటే దానికి సార్త్ర్ పెట్టిన పేరు ఆత్మవంచన. 1943లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో అతడిచ్చిన ఉదాహరణ ఒక హోటల్ సర్వర్. ట్రే పట్టుకునే తీరు, వంగే తీరు, నడక, అన్నిట్లోనూ ఆ సర్వర్ కాస్త అతిగా సర్వర్‌గా ఉంటాడు. తాను సర్వర్ తప్ప ఇంకేమీ కానన్నట్టు తనను తానే నమ్మించుకుంటాడు. ఈ రెండు అస్తిత్వాలూ శత్రువులేమీ కావు. కలిపి రాస్తే మాత్రం రెండూ చెడతాయి. ఈ వ్యాసంలో అస్తిత్వవాదం అంటే రెండోది.

ఇంకో మాట "అసంబద్ధం". అబ్సర్డ్‌కు తెలుగులో స్థిరపడిన మాట ఇదే. విడదీస్తే అ-సం-బద్ధం, అంటే ఒకదానితో ఒకటి కట్టి లేనిది. విచిత్రమేమిటంటే ఈ నాటకాల్లో కట్టి లేనివాళ్ళు దాదాపు కనబడరు. తాడుతో, తాళంతో, తిండితో, అలవాటుతో, భయంతో ఒకరికొకరు కట్టుబడి విడిపోలేని జంటలే ఎక్కువ. అబ్సర్డ్ నాటకమంటే ఒంటరి మనిషి ఆక్రందన అని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట సగం కూడా నిజం కాదు.

ఎప్పటికీ బండను కొండ పైకి దొర్లించే గ్రీకు పురాణ పురుషుడు సిసిఫస్ మీద కామూ 1942లో రాసిన వ్యాసంలోనే దీనికి మూలం ఉంది. అతడి లెక్కలో మనిషి అసంబద్ధుడు కాదు, లోకమూ అసంబద్ధం కాదు. మనిషి అర్థం అడుగుతాడు, లోకం జవాబివ్వదు. అసంబద్ధత ఆ రెండిటి మధ్య పుడుతుంది. అంటే అది ఒక వస్తువు గుణం కాదు, ఒక సంబంధం. ఏ కొస తీసేసినా మాయమైపోతుంది. నాటకకర్తలు చేసిందల్లా ఆ రెండో కొసలో లోకానికి బదులు ఇంకో మనిషిని కూర్చోబెట్టడం.

అబ్సర్డ్ నాటకం అన్న పేరు పెట్టింది విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్, 1961లో. నాటకకర్తలు బెకెట్, అయొనెస్కో, ఆదమోవ్, జెనే, పింటర్ తామొక ఉద్యమమని ఎన్నడూ ప్రకటించుకోలేదు. ఎస్లిన్ గీసిన గీత ఒకటి మాత్రం గట్టిది. సార్త్ర్, కామూ జీవితానికి అర్థం లేదన్న సంగతిని ఎంతో అర్థవంతంగా, వాదన తర్వాత వాదనగా పేర్చి చెప్తారు. బెకెట్, అయొనెస్కో ఆ వాదన చెప్పనే చెప్పరు, నాటకం నడకనే అలా తయారు చేస్తారు. సార్త్ర్ నాటకం, బెకెట్ నాటకం ఒకే పద్ధతిలో చదివితే ఒకటి ఉపన్యాసంలా, ఇంకొకటి పిచ్చిమాటల్లా కనబడటానికి కారణం ఇదే.

ముగ్గురు, మూడు సోఫాలు, అద్దం లేని గది

జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1944 మేలో సార్త్ర్ నాటకం "వీ క్లో" ఆడింది. తలుపులు మూసిన గది అని అర్థం. చనిపోయిన ముగ్గురిని, గార్సాఁ అనే మగవాణ్ణి, ఇనెజ్, ఎస్తెల్ అనే ఇద్దరు ఆడవాళ్ళను, నరకంలో ఒక గదిలో పెడతారు. మంట లేదు, సలసల కాగే నూనె లేదు, యమభటుల్లేరు. మూడు సోఫాలు, ఆర్పడానికి వీల్లేని దీపం. అద్దం ఒక్కటి కూడా ఉండదు. నాటకం మొత్తం ఆ లేని అద్దం మీదే నడుస్తుంది.

ఎస్తెల్‌కు తన ముఖం తాను చూసుకోనిదే ఉన్నానన్న నమ్మకం కలగదు. ఇనెజ్ "నేను నీ అద్దమవుతా" అంటుంది. ఆ వెంటనే ఎస్తెల్ చెంప మీద లేని మచ్చ ఒకటి ఉందని చెప్తుంది. తన రూపం తనకు తెలియాలంటే ఇంకొకరి కళ్ళు కావాలి, ఆ కళ్ళు అబద్ధమాడితే చేయగలిగిందేమీ లేదు. సార్త్ర్ తత్వంలోని "చూపు" అంటే ఇదే. ఇతరుడు చూడగానే నేను ఒక వస్తువునైపోతా, నా మీద తీర్పు నా చేతిలోంచి జారిపోతుంది.

ఇక ముగ్గురి లెక్క చూడండి. ఇనెజ్‌కు ఎస్తెల్ కావాలి. ఎస్తెల్‌కు గార్సాఁ కావాలి. గార్సాఁకు ఇనెజ్ తీర్పు కావాలి, తాను పిరికివాడు కాదని ఆమె నోట రావాలి. ఎస్తెల్ ఎన్నిసార్లయినా అంటుంది, కానీ ఎవరినైనా పొగిడే మనిషి పొగడ్త అతడికి పనికిరాదు. ఒక్కొక్కరికి కావలసింది ఇవ్వడానికి ఇష్టపడని మనిషి దగ్గరే ఉంది. ఇద్దరే ఉంటే ఏదో ఒక రాజీ కుదిరేది. మూడో మనిషి ఉండటం వల్ల ప్రతి రాజీకీ ఒక సాక్షి తయారవుతాడు. నాటకం చివరికొచ్చేసరికి గార్సాఁ బాదగా బాదగా తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ పోరు.

"నరకమంటే ఇతరులే" అన్న ప్రసిద్ధమైన మాట ఆ తర్వాత వస్తుంది. మన దగ్గర అత్తాకోడళ్ళ జగడానికి, అపార్ట్‌మెంట్ పక్కింటివాళ్ళ మీద విసుగుకు కూడా ఈ మాటను వాడేస్తారు. తలుపు తెరిచి ఉందన్న సంగతి మరిస్తేనే అలా వాడటం కుదురుతుంది. మనుషులతో సంబంధం ఎప్పుడూ నరకమేనన్నది తన ఉద్దేశం కాదని, ఆ సంబంధం మెలిపడి చెడిపోయినప్పుడు, మన గురించి ఇతరులిచ్చే తీర్పు మీదే మనం బతుకుతున్నప్పుడు అది నరకమవుతుందని సార్త్ర్ తర్వాత వివరణ ఇచ్చాడు.

కొమ్మ ఎవరి బరువు మోస్తుంది

"గోడో కోసం" బెకెట్ 1948 అక్టోబర్‌లో మొదలుపెట్టి 1949 జనవరిలో ముగించాడు. మొదలుపెట్టేనాటికి హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య అయి నెల కూడా కాలేదు. ఆ కాకతాళీయం సంగతి కొంచెం ఆగి చూద్దాం. 1953 జనవరి 5న పారిస్‌లో చిన్న థియేటర్ బాబిలోన్‌లో రొజే బ్లాఁ దర్శకత్వంలో మొదటిసారి ఆడింది. బాట, చెట్టు, సాయంత్రం. ఐదుగురు పాత్రధారులు, అందులో ఒకడు పిల్లవాడు. రెండో అంకంలో చెట్టుకు నాలుగైదు ఆకులొస్తాయి. వస్తానన్న గోడో రాడు. కథ ఇంతే, నిజానికి ఇది కూడా ఎక్కువే.

గోడో ఎవరు అన్న ప్రశ్న దగ్గరే చాలామంది చదువరులు ఆగిపోతారు. దాన్ని పక్కన పెట్టి, అతడి కోసం ఎదురుచూసే ఇద్దరు, వ్లదిమీర్, ఎస్త్రగాన్ మధ్య ఏమేం చేతులు మారతాయో వరసగా రాసుకోండి. వ్లదిమీర్ జేబులోంచి క్యారెట్ తీసి ఇస్తాడు, ముల్లంగి ఇస్తాడు. ఎస్త్రగాన్‌ను రాత్రిళ్ళు ఎవరో కొడతారు, పొద్దున వచ్చి చెప్పుకుంటాడు. అతడు కునుకు తీస్తే వ్లదిమీర్ లేపేస్తాడు, ఎందుకంటే ఒంటరిగా అనిపించిందంటాడు. లేచినవాడు కల చెప్పబోతే మాత్రం వద్దంటాడు. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలని ఎస్త్రగాన్ అడుగుతాడు. రెండో అంకంలో ఎస్త్రగాన్ నిద్రపోతే వ్లదిమీర్ తన కోటు తీసి అతడి భుజాల మీద కప్పి, తాను చలికి చేతులూపుకుంటూ అటూ ఇటూ తిరుగుతాడు. ఆ కోటు గురించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనరు. ఎన్నాళ్ళుగా కలిసి ఉన్నారంటే యాభై ఏళ్ళేమో అంటారు. ఎందుకు కలిసి ఉన్నారో నాటకంలో ఎక్కడా లేదు.

కామూ సిసిఫస్ వ్యాసం మొదలయ్యేదే ఆత్మహత్య ప్రశ్నతో. బతుకు బతకదగిందా కాదా అన్నదే అసలైన తాత్విక సమస్య అంటాడు. బెకెట్ మనుషులు కూడా చెట్టు కింద అదే ఆలోచిస్తారు. కానీ వాళ్ళ ఆలోచన ఎటు తిరుగుతుందో చూడండి. ఎస్త్రగాన్ తేలిక, ముందు అతడు ఉరేసుకుంటే కొమ్మ ఆగుతుంది, అతడు పోతాడు. వ్లదిమీర్ బరువు, తర్వాత అతడు ప్రయత్నిస్తే కొమ్మ విరుగుతుంది, ఒంటరిగా మిగిలిపోతాడు. కాబట్టి వద్దు. కామూ దగ్గర ఒంటరి మనిషి, మూగ లోకం తేల్చుకోవలసిన ప్రశ్నను ఈ ఇద్దరూ కొమ్మ మందంతో లెక్క కట్టి తీసేశారు. చావు భయం కంటే పక్కవాడు లేకుండా మిగిలిపోయే భయం పెద్దది. అస్తిత్వవాదం నుంచి అబ్సర్డ్ నాటకం వేరుపడే చోటు వెతకాలంటే ఈ కొమ్మ దగ్గరే వెతకాలి.

చివర్లో మళ్ళీ ఉరి ప్రస్తావన వస్తుంది. ఈసారి ఎస్త్రగాన్ ప్యాంటుకు కట్టుకున్న తాడు విప్పుతారు. బలం చూద్దామని చెరో కొస పట్టి లాగితే తెగిపోతుంది, ప్యాంటు జారిపోతుంది. మొదటి ప్రదర్శనల రోజుల్లోనే బెకెట్ ఈ సంగతి మీద బ్లాఁకు ఉత్తరం రాశాడు. ప్యాంటు సగంలో ఆగకూడదు, పూర్తిగా చీలమండల దాకా జారాలి. మన నటులు మర్యాద కోసం నడుము దగ్గరే పట్టుకుంటారు. పట్టుకున్నవాడికి ప్యాంటు జారిన స్పృహ ఉన్నట్టు లెక్క. ఎస్త్రగాన్‌కు ఆ స్పృహ ఉండకూడదు, పైకి లాక్కోమని వ్లదిమీర్ చెప్పాలి. తన ఒంటి మీద గుడ్డ సంగతి కూడా ఇంకొకడు చెప్తే తప్ప తెలియని స్థితి అది.

పొజ్జో చేతి తాడు

మొదటి అంకంలో క్యారెట్ నములుతూ ఎస్త్రగాన్ అడుగుతాడు, మనం కట్టుబడి ఉన్నామా అని. గోడోకా, అదేం మాట, లేనే లేదంటాడు వ్లదిమీర్. కాస్త ఆగి, ప్రస్తుతానికి, అని కలుపుతాడు. కాసేపటికే మెడకు నిజం తాడుతో లక్కీ వస్తాడు. ముందు లక్కీ, తర్వాత తాడు, తాడు వెంట కొరడాతో పొజ్జో. తాడు ఎంత పొడవుండాలో బెకెట్ రాసిపెట్టాడు. లక్కీ రంగం మధ్యకు చేరేదాకా పొజ్జో కనబడకూడదు. ముప్పై అడుగుల వేదిక అయితే కనీసం పదిహేను, పద్దెనిమిది అడుగులు ఉండాలి. ఆరడుగుల తాడు తెస్తే ఇద్దరూ కలిసి లోపలికి వచ్చేస్తారు, ప్రేక్షకుడికి "ఈ తాడు అవతలి కొసన ఎవరు" అన్న ప్రశ్న పుట్టదు. రెండో అంకంలో తాడు బాగా పొట్టిగా ఉండాలి, ఎందుకంటే పొజ్జోకు చూపు పోయింది, లక్కీని ఆనుకుని నడవాలి. దర్శకులు రెండు అంకాలకూ ఒకే తాడు వాడి ఈ మార్పును మింగేస్తారు. కొబ్బరి తాడు వద్దు, రెండు రిహార్సళ్ళకే మెడ ఒరుసుకుపోతుంది. మెత్తటి నూలు తాడు తీసుకుని, మెడ దగ్గర జారుముడి కాకుండా కదలని ముడి వేయాలి. లాగేటప్పుడు లక్కీ ఒక చేత్తో ముడి పట్టుకునే వీలు లేదు, రెండు చేతుల నిండా సామాను ఉంటుంది.

ఈ జంట నల్లగొండ ప్రేక్షకుడికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. దొర, జీతగాడు. పొజ్జో కోడిమాంసం తిని ఎముకలు పారేస్తాడు, అవి లక్కీకి చెందాలని కట్టడి. లక్కీ బరువు కింద ఎందుకు పెట్టడని అడిగితే, తాను వదిలించుకోకుండా ఉండటానికే మోస్తున్నాడంటాడు పొజ్జో. అంగడికి తీసుకుపోయి అమ్మేద్దామనుకుంటున్నాడట. కొరడా అని పొజ్జో అరిస్తే లక్కీ సామాను దించి, కొరడా వెతికి, తెచ్చి పొజ్జో చేతిలోనే పెడతాడు. "బాంచెన్ నీ కాల్మొక్త" అన్న మాట నోటికి ఎట్లా అలవాటైందో తెలిసిన నేలకు ఈ దృశ్యం ఫ్రెంచి నుంచి రానక్కర్లేదు.

అయితే వెట్టి కథగా చదివి అక్కడే ఆగితే సగం పోతుంది. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాక ఇక్కడ తాడు తెంపే పోరాటం 1951 దాకా సాగింది. బెకెట్ రాస్తున్న నెలల్లో కూడా సాగుతూనే ఉంది. తాడు ఎవరు తెంపుతారన్న ప్రశ్న మన చరిత్ర వేసింది. బెకెట్ ఆ ప్రశ్న వెయ్యడు. అతడి దృష్టి తాడు రెండో కొస మీద. రెండో అంకంలో గుడ్డివాడైన పొజ్జోను చూస్తే పట్టుకున్నవాడు కూడా దానికే కట్టి ఉన్నాడని తెలుస్తుంది. పొజ్జోకు ఇప్పుడు లక్కీ ఆస్తి కాదు, కళ్ళు. అయినా తిట్టడం ఆపడు, లక్కీ కొరడా అందించడం మానడు. బలాబలాలు తారుమారైనా అలవాటు మారలేదు. ఇది దొరతనాన్ని మాఫీ చేయడమని కొందరు ప్రగతిశీల విమర్శకులు అంటారు. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. పొజ్జో మీద జాలి పడే స్థలం బెకెట్ ఇచ్చాడు, ఆ స్థలంలో లక్కీకి వచ్చిన వాటా తక్కువ.

పోనీకి ఇంకో జాగ లేదు

1957 నాటి బెకెట్ నాటకం "ఎండ్‌గేమ్"లో ఈ కట్టు ఇంకా బిగుసుకుంటుంది. హామ్ లేవలేడు, చూడలేడు, చక్రాల కుర్చీలో ఉంటాడు. క్లోవ్ కూర్చోలేడు. హామ్ తల్లిదండ్రులు కాళ్ళు పోయి రెండు చెత్తడబ్బాల్లో ఉంటారు, ముద్దు పెట్టుకోబోతే తలలు అందవు. క్లోవ్ వంటగది పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు. తిండి అలమర తాళం తెరిచే అంకెలు హామ్‌కే తెలుసు. నన్నెందుకు ఉంచుకుంటున్నావని క్లోవ్ అడుగుతాడు. మన యాసలో పెడితే ఆ సంభాషణ ఇట్లా నడుస్తుంది: "ఇంకెవ్వల్లేరు గద." "నాకు పోనీకి ఇంకో జాగ లేదు." ఆ రెండు జవాబుల్లో ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. ఒకడి దగ్గర తాళం, ఇంకొకడి దగ్గర కాళ్ళు.

ఫ్లోరోసిస్‌తో నడుము వంగిన, కీళ్ళు బిగిసిన మనుషులను దశాబ్దాలుగా చూసిన మునుగోడు, మర్రిగూడ ప్రాంతంలో ఈ నాటకం ఆడాలంటే ఒక జాగ్రత్త కావాలి. కూర్చోలేనివాడు, నిలబడలేనివాడు అక్కడ ప్రతీకలు కారు. క్లోవ్ నడకను హాస్యం కోసం సాగదీస్తే ప్రేక్షకుడు నవ్వడు, లేచిపోతాడు. అదే నాటకాన్ని సేవ చేసేవాడికీ చేయించుకునేవాడికీ మధ్య పేరుకునే కసిగా, బాకీగా చూపితే ఏ విమర్శ వ్యాసం అక్కర్లేకుండా అందుతుంది. చివర క్లోవ్ పనామా టోపీ, కోటు, చేతిలో గొడుగు, సంచితో ప్రయాణానికి తయారై తలుపు దగ్గర నిలబడతాడు. పోయాడా లేదా అన్నది తెర పడేదాకా తేలదు, తేల్చకూడదు.

అయొనెస్కో దారి వేరు. అతడి మనుషులను కట్టేది మాట, విడదీసేదీ మాటే. 1950లో వచ్చిన "బోడి గాయని" అతడు ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొన్న పాఠ్యపుస్తకంలోని వాక్యాల నుంచి పుట్టింది. మార్టిన్ దంపతులు పరిచయం లేనట్టు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకే రైలు, ఒకే పెట్టె, ఒకే వీధి, ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒక కన్ను తెలుపు ఒక కన్ను ఎరుపు ఉన్న ఒకే కూతురు. ఆధారాలన్నీ సరిపోయాక, అయితే మనం భార్యాభర్తలమన్నమాట అని తేల్చుకుంటారు. రేషన్ కార్డులో ఒకే చోట పేర్లున్నాయి గనక ఒకే కుటుంబం అన్నట్టుంటుంది. ఆ వెంటనే పనిమనిషి వచ్చి అసలు సంగతి చెప్తుంది. అతడి కూతురికి తెల్లకన్ను కుడివైపు, ఆమె కూతురికి ఎడమవైపు, కాబట్టి వీళ్ళు వాళ్ళు కారు. ఇక్కడ నటులు నవ్వించాలని ప్రయత్నిస్తే దృశ్యం చచ్చిపోతుంది. ఆశ్చర్యం నిజంగా పడాలి, ప్రతి కొత్త ఆధారానికీ కొత్తగా పడాలి.

"కుర్చీలు" (1952) చిన్న నాటక సమాజానికి బాగా కుదురుతుంది. ముసలి దంపతులు కనబడని అతిథులను ఆహ్వానిస్తూ కుర్చీలు తెస్తూనే ఉంటారు. టెంట్‌హౌస్ నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ కుర్చీలు తెస్తే తప్పే. దొంతర కనబడగానే ఎన్ని ఉన్నాయో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఒక్కొక్కటిగా, వేర్వేరు తలుపుల్లోంచి, వేగం పెంచుతూ రావాలి. గది నిండేకొద్దీ ఆ దంపతుల మధ్య కుర్చీలు అడ్డం పడతాయి. చివరికి చెరో కిటికీ దగ్గర చిక్కుకుని, చెరో కిటికీలోంచి దూకుతారు. లోకానికి సందేశం చెప్పాల్సిన వక్త మాట రాని మనిషి. విమర్శకులు ఈ వక్త మీదే పేజీలు నింపుతారు. జీవితమంతా కలిసి బతికినవాళ్ళు చావులో ఒకరినొకరు అందుకోలేకపోవడం దానికంటే పెద్ద సంగతి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

మొదటి పొరపాటు గోడోకు ముఖం ఇవ్వడం. పాలమూరులో ఆడితే ముంబై పనికి తీసుకుపోతానన్న గుంపు మేస్త్రి, నల్లగొండలో ఆడితే రావలసిన నీళ్ళు, ఎక్కడైనా వాన. చప్పట్లు వస్తాయి. కానీ రాని మనిషి ఎవరో తెలియగానే కోపమంతా వేదిక బయటికి పోతుంది, ఎదురుచూసే ఇద్దరి మధ్య జరిగేది వట్టి కాలక్షేపంగా మిగులుతుంది. అది మంచి వీధినాటకం కావచ్చు. ప్రజానాట్యమండలి సంప్రదాయం ఉన్న జిల్లాలకు ఆ పని కొత్త కాదు. ఎదురుచూసే చోటును మనది చేసుకోవచ్చు, ఆ పేరును మాత్రం ఖాళీగా వదలాలి.

పిలుపులు ఇంకో చిక్కు. తెలుగులో ఇద్దరు మగవాళ్ళు బావా, మామా, కాకా, అన్నా అనకుండా ఐదు నిమిషాలు మాట్లాడలేరు. "బావా" అన్న మరుక్షణం ఆ బంధానికి ఒక కారణం వచ్చేస్తుంది. బెకెట్ జంటకు ఉండకూడనిది అదే. "రా", "బై" లాంటివి వాడుకుంటే వయసు, చుట్టరికం తేలకుండా దగ్గరితనం మిగులుతుంది. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ "ఏవం ఇంద్రజిత్" (1963)లో దీనికి తలకిందుల ఇబ్బంది ఎదురవుతుంది. అమల్, విమల్, కమల్ వరసలో కలిసిపోక మిగిలిన ఇంద్రజిత్ ప్రేమించిన మానసి అతడికి చుట్టరికంలో చెల్లెలు, బెంగాలీ ఆచారంలో పెళ్ళి కుదరదు. అనువాదంలో పొరపాటున మేనమామ కూతురని పడితే తెలుగు ప్రేక్షకుడికి అడ్డంకేమీ కనబడదు, చేసుకోవచ్చు గదా అంటాడు. ఇంద్రజిత్ వేదన అక్కడే కూలిపోతుంది. పెద్దమ్మ కూతురనో చిన్నాయన కూతురనో పెట్టాలి.

మౌనాల సంగతి. నాటకం రాతలో బెకెట్ "విరామం" అని, "మౌనం" అని వేరువేరుగా రాస్తాడు, పింటర్ కూడా అంతే. రెండూ ఒకే పొడవు కావు. విరామంలో పాత్ర ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది, మౌనంలో ఆ ఆలోచన అయిపోయి ఇంకోటి ఇంకా దొరకదు. నటులు లోపల విరామానికి రెండు, మౌనానికి ఐదు లెక్కపెట్టుకుని రిహార్సల్ మొదలుపెడితే తర్వాత లెక్క లేకుండానే కుదురుతుంది. మన దగ్గర ఎక్కువగా చెడేది ఇక్కడే. మౌనం రాగానే సౌండ్ ఆపరేటర్‌కు భయమేసి కీబోర్డు వాయిస్తాడు. ముందే రాతప్రతి అతడి చేతికిచ్చి మౌనాలకు గుర్తు పెట్టించాలి. ప్రేక్షకుడికి అర్థం కాదన్న భయం కూడా అనవసరం. 1957 నవంబర్ 19న అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైలులో దాదాపు 1400 మంది ఖైదీల ముందు గోడో ఆడితే, పెద్ద నగరాల ప్రేక్షకులు తికమకపడ్డ నాటకం వాళ్ళకు సాఫీగా అందింది.

అన్నిటికంటే తెలుగుకు దొరికిన అవకాశం ఒకటుంది, అనువాదకులు దాన్ని చూడకుండా దాటిపోతారు. ఫ్రెంచికి, ఇంగ్లీషుకు లేనిది మనకున్నది "మనం", "మేము" తేడా. ఎదుటివాణ్ణి కలుపుకున్నామా, బయట పెట్టామా అన్నది ప్రతి వాక్యంలో తేల్చుకోక తప్పదు. పొజ్జోతో మాట్లాడేటప్పుడు "మేము", ఇద్దరే ఉన్నప్పుడు "మనం". రెండో అంకంలో పడిపోయిన పొజ్జో లేపమని అరుస్తుంటే వ్లదిమీర్ ఉపన్యాసం మొదలుపెడతాడు, ఈ క్షణాన ఈ చోట మానవజాతి అంతా తామేనని. ఆ వాక్యంలో "మనం" వాడితే నేల మీదున్న పొజ్జో, కుర్చీల్లో ఉన్న ప్రేక్షకులు కూడా అందులోకి వచ్చేస్తారు. "మేము" అంటే గొప్ప చెప్పుకోవడంగా మారిపోతుంది. లేపబోయి వీళ్ళిద్దరూ కూడా పడిపోతారు.

మొదటి అంకం చివర గోడో పంపిన పిల్లవాడు వస్తాడు. ఏం చెప్పమంటావని అడిగితే వ్లదిమీర్ కొంచెం తడబడి, "మమ్మల్ని చూసినవని చెప్పు" అంటాడు. రెండో అంకం చివర మళ్ళీ పిల్లవాడు, మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి, "నన్ను చూసినవని చెప్పు." ఎస్త్రగాన్ అప్పుడు నిద్రపోతూ ఉంటాడు. కొన్ని ప్రదర్శనల్లో రెండు చోట్లా "మమ్మల్ని" అనే వస్తుంది, ప్రాంప్టర్ కూడా పట్టుకోడు. ఒక్క మాట మార్పు. కానీ రెండు అంకాలుగా కొమ్మ బరువు లెక్కలు కట్టి, కోటు కప్పి, నిద్ర లేపి కాపాడుకున్న జంటలోంచి ఒకడు నిమిషం పాటు బయటికి జారినట్టు చెప్పేది అదొక్కటే. ఎస్త్రగాన్ పాత్రధారి అప్పుడు కనురెప్ప కూడా కదపకూడదు, విన్నట్టు ముఖం పెట్టకూడదు. పిల్లవాడు పరుగెత్తి పోతాడు, చంద్రుడు లేస్తాడు. ఎస్త్రగాన్ మేల్కొని, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లేచి, ఇక్కణ్ణుంచి దూరంగా పోదాం అంటాడు.